కొకోడా అడవిదారి: బరువు ఎవరి భుజాన?

పరదేశంలో సేవాకార్యం కోసం బయలుదేరిన మిత్రబృందం దట్టమైన అడవిని కాలినడకన దాటవలసి వచ్చినప్పుడు, మందుల పెట్టెలూ పాఠ్యపుస్తకాలూ గమ్యమైన గ్రామానికి చేరకముందే, ఆ సేవ స్వభావాన్ని తేల్చే ప్రశ్న ఒకటి దారిలోనే ఎదురవుతుంది. ఆ బృందం సామాను మోస్తున్నది ఎవరు, దారి చూపుతున్నది ఎవరు, వాగు దాటేటప్పుడు చేయి అందిస్తున్నది ఎవరు అన్నదే ఆ ప్రశ్న. సేవ చేయడానికి వచ్చినవారు అడవిలో అడుగుపెట్టిన మొదటి గంటలోనే ఇతరుల సేవ అందుకోవలసిన స్థితికి వస్తారు. నేటి ప్రసంగం ఈ విషయాన్ని పాపువా న్యూ గినీ దేశంలోని కొకోడా కాలిబాట ఆధారంగా పరిశీలిస్తుంది. నూరేళ్లకు పైగా మత ప్రచారకులు, వైద్యులు, సైనికులు, యాత్రికులు నడిచిన ఈ దారిలో బయటివారి ప్రయాణం ప్రతిసారీ స్థానికుల భుజబలం మీదనే సాగిందనడానికి ఆధారాలు స్పష్టంగా ఉన్నాయి కనుకనే ఈ దారిని ఎంచుకోవడం జరిగింది.

ఒక క్రైస్తవ సంఘం గాని, సేవాసంస్థ గాని కొందరు సభ్యులను కొన్ని వారాల పాటు మరొక దేశానికి పంపి, అక్కడ వైద్యం, విద్య, భవన నిర్మాణం, మతబోధ వంటి పనులలో స్థానిక సంఘానికి తోడ్పడేలా చేయడాన్ని ఈ ప్రసంగంలో సేవాయాత్ర అని వ్యవహరిస్తున్నాము. ఈ సంప్రదాయం ఐరోపావారికీ అమెరికావారికీ మాత్రమే పరిమితమైనది కాదు. నెల్లూరు కేంద్రంగా పనిచేసిన తెలుగు బాప్టిస్టు సంఘం 1903లో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, అక్కడి తోటలలో ఒప్పందపు కూలీలుగా పనిచేస్తున్న తెలుగువారి మధ్యకు పంపిన సంగతి చరిత్రలో నమోదై ఉంది. పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీపాలలో కూడా తొలి బోధకులలో చాలామంది ఫిజీ, సమోవా, టోంగా దేశాల నుండి వచ్చినవారే. కొకోడా చరిత్రలోనూ అటువంటి ఒక ఫిజీ బోధకుని పేరు ముందుగా చెప్పవలసి ఉంటుంది. అది తగిన చోట వస్తుంది.

పాపువా న్యూ గినీ ఆస్ట్రేలియాకు ఉత్తరాన, న్యూ గినీ అనే మహాద్వీపంలో తూర్పు సగాన ఉన్న దేశం. గ్రీన్‌లాండ్ తర్వాత ప్రపంచంలో అతిపెద్ద ద్వీపం న్యూ గినీయే. 1975 సెప్టెంబరు 16న ఆస్ట్రేలియా పాలన నుండి స్వతంత్రం పొందిన ఈ దేశంలో 800కు పైగా భాషలు ఉన్నాయి. ఇన్ని భాషలు విడివిడిగా నిలవడానికి గల కారణాలలో ఆ దేశపు నేల స్వరూపం ఒకటి. దక్షిణ తీరంలో రాజధాని పోర్ట్ మోర్స్‌బీ ఉండగా, దానికీ ఉత్తర తీరానికీ మధ్య ఓవెన్ స్టాన్లీ పర్వతశ్రేణి గోడలా నిలిచి ఉంది. ఈ శ్రేణిలోని విక్టోరియా శిఖరం ఎత్తు 4,000 మీటర్లు దాటుతుంది. రాజధాని నుండి ఈ శ్రేణి మీదుగా ఉత్తర తీరానికి వెళ్లే మోటారు రోడ్డు నేటికీ లేదు. అందువల్ల కొండల నడుమ ఉన్న గ్రామాలకు వైద్యబృందం గాని, ఉపాధ్యాయులు గాని చేరాలంటే చిన్న విమానం ఎక్కి, కొండవాలున చదును చేసిన పచ్చిక రన్‌వేపై దిగాలి, లేదా నడవాలి.

ఆ నడకదారి పేరే కొకోడా కాలిబాట. దక్షిణాన ఓవర్స్ కార్నర్ అనే చోట మొదలై ఉత్తరాన కొకోడా పీఠభూమికి చేరే ఈ దారి పొడవు 96 కిలోమీటర్లు. రెండు కొసల మధ్య గాలిలో సరళరేఖ గీస్తే దాదాపు 60 కిలోమీటర్లే ఉంటుంది. మైదాన ప్రాంతంలో మూడు నాలుగు రోజుల్లో నడవగల ఈ దూరానికి సాధారణంగా ఆరు నుండి పది రోజులు పట్టడానికి కారణం దారి అడుగడుగునా ఎక్కుతూ దిగుతూ ఉండటమే. పర్వతశ్రేణి పొడవునా సాగే దారి అయితే ఒకసారి పైకెక్కి గట్టు మీదనే నడవవచ్చు. కొకోడా కాలిబాట శ్రేణికి అడ్డంగా సాగుతుంది కనుక ప్రతి గట్టునూ ఎక్కి, అవతలి లోయలోకి పూర్తిగా దిగి, లోయ అడుగున ఉన్న ఏటిని దాటి, మళ్లీ మొదటి నుండి ఎక్కవలసి ఉంటుంది. దారిలో అత్యంత ఎత్తైన బెల్లమీ కొండ 2,190 మీటర్లు మాత్రమే అయినా, నడిచే మనిషి ఎక్కే ఎత్తులన్నీ కలిపి చూస్తే అంతకు ఎన్నో రెట్లవుతుంది. మగులి శ్రేణి అనే భాగంలో శిఖరం వచ్చిందనుకున్న ప్రతిసారీ దాని వెనుక మరో శిఖరం కనిపిస్తూ ఉంటుంది. కాళ్ల శక్తి కన్నా ముందు మనసులోని నిబ్బరం సడలేది ఇక్కడనే అని ఈ దారి ఎరిగినవారందరూ చెబుతారు.

నేల స్వభావం కూడా ఈ కష్టానికి తోడవుతుంది. తరచూ కురిసే వానకు దారి మట్టి జారుడు బంకగా మారుతుంది; దాని మీద చెట్ల వేళ్లు అల్లుకుని, తడిసి, నాచు పట్టి ఉంటాయి. కింది భాగంలో వెదురు, పేము తీగలు, మనిషి తలదన్నే గడ్డి ఎదురైతే, పైకి వెళ్లేకొద్దీ మొగలి జాతి చెట్లు, తర్వాత మేఘాలు కమ్ముకున్న నాచు అడవి వస్తాయి. నాచు అడవి అంటే పొగమంచులోని తేమను పీల్చుకుని కాండాలూ కొమ్మలూ రాళ్లూ అన్నీ దట్టమైన నాచుతో కప్పబడిన ఎత్తైన ప్రాంతపు అడవి. పేము తీగ ఆకుల కొసన ఉండే వంకర ముళ్లు బట్టను, చర్మాన్ని పట్టుకుంటే ముందుకు లాగిన కొద్దీ చీల్చుతాయి కాబట్టి, చిక్కుకున్నవారు ఒక అడుగు వెనక్కి వేయాలి. బయటినుండి వచ్చినవారికి ఇటువంటి చిన్న పాఠాలన్నీ దారి వెంట నడిచే స్థానికులే నేర్పుతారు.

ఉష్ణమండలపు అడవిలో శరీరం ఎదుర్కొనే ఇబ్బందిని వివరంగా చెప్పుకోవలసి ఉంది, ఎందుకంటే బృందంగా నడవడం ఎందుకు అవసరమో అందులోనే తెలుస్తుంది. చెమట ఆవిరైనప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉన్నచోట చెమట కారుతుందే గాని ఆవిరి కాదు. కాబట్టి శరీరం మరింత చెమటను పోస్తూ నీటితో పాటు ఉప్పును కోల్పోతుంది. అప్పుడు దాహం తీర్చుకోవడానికి వట్టి నీటినే అతిగా తాగితే రక్తంలో సోడియం పరిమాణం పలచబడి, తలనొప్పి, వికారం, మతిమరుపు, చివరకు మూర్ఛ, ప్రాణాపాయం కలుగుతాయి. నీరు తక్కువైనా, ఎక్కువైనా తొలి లక్షణాలు ఇంచుమించు ఒకలాగే కనిపించడం ఇందులోని చిక్కు. పైగా మెదడుపై ప్రభావం పడిన మనిషికి తన పరిస్థితి మారుతున్నదని తనకు తెలియదు. మాట తడబడటం, నవ్వేవాడు ముభావంగా మారటం, ఉన్నట్టుండి వెనకబడటం వంటి మార్పులను ముందుగా పసిగట్టగలిగేది ఆ మనిషిని ఎన్నో ఏళ్లుగా ఎరిగిన స్నేహితుడే. అడవినడకలో స్నేహానికి ఉన్న మొదటి విలువ ఇదే. వేగంగా నడవగలవారు ముందుకు పోయి, నెమ్మదిగా నడిచేవారిని ఒంటరిగా వదిలేసే బృందంలో ఈ కాపుదల లేకుండా పోతుంది. అందుకే అనుభవజ్ఞులైన మార్గదర్శకులు అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి నడకనే బృందమంతటి నడకగా నిర్ణయిస్తారు.

ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ నష్టం చేస్తుందన్నది కొత్తవారు ఆలస్యంగా తెలుసుకునే సంగతి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి ఉంటుంది కాబట్టి కండరపు నారలు ఎక్కువగా దెబ్బతిని, మరునాటికి మోకాళ్లు వంగడం కష్టమవుతుంది. రోజుల తరబడి తడి బూట్లలో నానిన పాదాల చర్మం తెల్లబడి, ముడుతలు పడి, ఊడిపోతుంది. ప్రతి సాయంత్రం పాదాలను ఆరబెట్టుకోవడం, పొడి మేజోళ్లను నిద్రవేళకు మాత్రమే దాచుకోవడం ఇక్కడ విలాసం కాదు. వీటికి తోడు ఫాల్సిపారం మలేరియా ఉంటుంది. అది ఉత్తరాంధ్ర మన్యానికి బాగా తెలిసిన ప్రాణాంతకమైన మలేరియా రకమే. కంటికి సరిగా కనిపించనంత చిన్న పురుగు కుట్టడం వల్ల సోకే స్క్రబ్ టైఫస్ అనే జ్వరమూ ఉంటుంది. ఆ కాటుపడిన చోట నల్లని పక్కు కట్టడం దాని గుర్తు. జలగల వల్ల రోత కలుగుతుందే తప్ప, వీటితో పోలిస్తే వాటివల్ల కలిగే హాని చాలా తక్కువ.

ఇక ఈ దారికి సేవాయాత్రల చరిత్రతో ఉన్న సంబంధాన్ని చూద్దాం. బ్రిటిష్ పాలన మొదలైన కొత్తలో, 1890లో, ప్రొటెస్టంటు మిషన్ల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం దక్షిణ తీరంలో లండన్ మిషనరీ సొసైటీ, ఈశాన్య తీరంలో ఆంగ్లికన్ మిషన్, ఆగ్నేయ ద్వీపాలలో మెథడిస్టు మిషన్ పనిచేయాలని ప్రాంతాలు పంచుకున్నారు. ఈ పంపకంలో లేని సెవెన్త్ డే అడ్వెంటిస్టు సంఘం 1908లో సెప్టిమస్ కార్ దంపతులను, వారితోపాటు ఫిజీ దేశస్థుడైన పెని తవోడిని పంపింది. తీరప్రాంతం ఇతరుల అధీనంలో ఉన్నందున వారు పోర్ట్ మోర్స్‌బీకి ఎగువన, సొగెరి పీఠభూమి దగ్గర బిసియాటాబు అనే చోట భూమి తీసుకుని, కొండలలో నివసించే కొయారి ప్రజల వైపు దృష్టి సారించారు. శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించడం, పంది మాంసం తినకపోవడం అడ్వెంటిస్టు సంఘపు ప్రధాన నియమాలలో ఉన్నాయి. పందుల పెంపకమే హోదాకూ వియ్యానికీ విందుకూ ఆధారమైన సమాజంలో ఈ నియమాన్ని బోధించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. తొలి దశాబ్దంలో ఫలితాలు చాలా స్వల్పంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

పెని తవోడి పేరును ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నదని ముందే అనుకున్నాము. ద్వీపవాసిగా పుట్టిన ఆయనకు తోటపని, దుంపల సాగు, ఉమ్మడి జీవితపు మర్యాదలు సహజంగానే తెలుసు. కొయారి గ్రామాలతో సంబంధం ఏర్పడటంలో ఆయన పాత్ర ముఖ్యమైనది. 1918లో పాముకాటు వల్ల ఆయన మరణించారు. మిషన్ చరిత్రలలో ఐరోపా సంతతి నాయకుల పేర్లు ముందు వరుసలో ఉండి, ఆయన వంటి ద్వీపవాసుల పేర్లు చాలాకాలం వెనుక వరుసలో ఉండిపోవడం న్యాయం కాదు. తర్వాతి కాలంలో కాలిబాట మీది ఎఫోగి గ్రామం వరకు మిషన్ విస్తరించింది. ఈనాడు కాలిబాట వెంట ఉన్న కొయారి గ్రామాలలో అత్యధికులు అడ్వెంటిస్టులే. శుక్రవారం సూర్యాస్తమయం నుండి శనివారం సూర్యాస్తమయం వరకు వారు బరువు మోసే పని పెట్టుకోరు. ఈ సంగతి తెలియక రోజుల లెక్క వేసుకుని వచ్చే బృందాలు చిక్కుల్లో పడతాయి; తెలిసి వచ్చిన బృందాలు ఆ ఒక్క రోజును గ్రామంలో గడిపి, పాదాలకు విశ్రాంతినిచ్చి, గ్రామస్థుల ఆరాధనలో, వారి నాలుగు గళాల పాటలో పాలుపంచుకుంటాయి.

పర్వతాలకు ఉత్తరాన, ఆంగ్లికన్ మిషన్ పరిధిలో జరిగిన మరొక అడవి ప్రయాణం ఇంతకన్నా విషాదకరమైనది. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం దక్షిణానికి దూసుకువస్తున్న తరుణంలో, 1942 జనవరి 31న, న్యూ గినీ ఆంగ్లికన్ బిషప్ ఫిలిప్ స్ట్రాంగ్ రేడియో ద్వారా తన మిషనరీలతో మాట్లాడారు. ప్రమాదం పొంచి ఉన్నా తమను నమ్మిన ప్రజలను విడిచి వెళ్లరాదని, విధులలో కొనసాగాలని ఆయన కోరారు. కొండలలోనూ తీరాలలోనూ చెదిరి ఉన్న కేంద్రాలకు ఒకేసారి చేరగల సాధనం ఆనాడు రేడియో ఒక్కటే. ఆ పిలుపు విని నిలిచినవారిలో గోనా కేంద్రంలోని జేమ్స్ బెన్సన్ అనే మతాచార్యుడు, మే హేమన్ అనే నర్సు, మేవిస్ పార్కిన్సన్ అనే ఉపాధ్యాయురాలు ఉన్నారు. 1942 జూలై 21న జపాన్ నౌకలు గోనా సమీపాన దళాలను దించినప్పుడు ఈ ముగ్గురు మిత్రులు చేతికందిన కొద్దిపాటి వస్తువులతో అడవిలోకి నడిచారు.

వారు కొన్ని వారాల పాటు స్థానిక క్రైస్తవులు అందించిన ఆహారంతో అడవిలో తలదాచుకున్నారు. తర్వాత కొందరు ఆస్ట్రేలియా సైనికులు, విమానం కూలిన అమెరికన్ వైమానికులు కలవగా, ఆ బృందమంతా తప్పించుకుపోయే ప్రయత్నంలో ఉండగా దాడికి గురై చెదిరిపోయింది. బెన్సన్ విడిపోయి, అడవిలో ఒంటరిగా తిరిగి, చివరకు బందీ అయి, రబౌల్ పట్టణం వద్ద నిర్బంధంలో యుద్ధాంతం వరకు బతికి బయటపడ్డారు. ఇద్దరు మహిళలను పొపొండెట్టా వద్ద జపాన్ సైనికులు చంపివేశారు. అదే కాలంలో సంగారా కేంద్రపు మిషనరీ బృందం వెంట నడిచిన లూసియన్ తపియెడి అనే యువ పాపువన్ ఉపాధ్యాయుడిని ఒరొకైవా జాతికి చెందిన హివిజపా అనే వ్యక్తి చంపాడు. ఆ హివిజపా తర్వాత క్రైస్తవుడై, తాను చంపిన మనిషి పేరునే తన పేరుగా స్వీకరించి, ఎంబి అనే చోట ఆలయం కట్టించాడు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీ పశ్చిమ ద్వారంపై 1998లో ప్రతిష్ఠించిన ఇరవయ్యవ శతాబ్దపు పదిమంది హతసాక్షుల విగ్రహాలలో లూసియన్ తపియెడి విగ్రహం ఒకటి. హతసాక్షి అంటే విశ్వాసం కోసం ప్రాణాలు అర్పించిన వ్యక్తి. ఆపదలో మిషనరీల వెంట నడిచిన స్థానికుడు ఒక్కడికైనా ఇంతటి గౌరవం దక్కడం సంతోషించదగినది.

ఆ జూలై నెలలోనే జపాన్ దళాలు కొకోడా కాలిబాట మీదుగా పోర్ట్ మోర్స్‌బీని పట్టుకోవడానికి బయలుదేరాయి. నవంబరు వరకు సాగిన ఆ పోరులో ఇసురావా, మిషన్ రిడ్జ్, బ్రిగేడ్ హిల్, ఇయోరిబైవా వంటి పేర్లు చరిత్రకెక్కాయి. సెప్టెంబరు మధ్యనాటికి జపాన్ సేన రాజధానికి చేరువగా వచ్చి, ఆహారం అందక వెనుదిరిగింది. నవంబరు 2న ఆస్ట్రేలియన్లు కొకోడాను తిరిగి స్వాధీనం చేసుకున్నారు. 600 మందికి పైగా ఆస్ట్రేలియన్ సైనికులు మరణించారు. గాయపడినవారికన్నా వ్యాధిగ్రస్తులైనవారి సంఖ్య చాలా పెద్దది. యుద్ధఘట్టాలను వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. అడవిలో బరువు ఎవరు మోస్తారన్న ప్రశ్నకు ఆ యుద్ధం ఇచ్చిన సమాధానమే ఇక్కడ ముఖ్యం.

మోతగాళ్ల దళాన్ని నడిపిన బెర్ట్ కీన్‌జల్ అనే తోటల యజమాని ఆనాడు ఒక సులభమైన లెక్క వేశాడు. తిండిగింజలు మోసుకుపోయే మోతగాడు తానే తింటూ పోతే 13 రోజులలో ఆ మూట ఖాళీ అవుతుంది. ఒక సైనికునికి కూడా అందులోనుంచే పెట్టాలంటే ఆ మూట ఇద్దరికీ కలిపి ఆరున్నర రోజులకే సరిపోతుంది. దారి ఎనిమిది రోజులది. అంటే తుపాకులు, గుండ్లు, మందులు, దుప్పట్లు ఇవేవీ లెక్కలోకి రాకముందే మనిషి మోయగల బరువు తిండికే చాలడం లేదు. అందువల్లనే ఆయన కొండల నడుమ మయోలా అనే ఎండిన సరస్సు మైదానాన్ని వెతికి పట్టుకుని, విమానాల నుండి ఆహారం జారవిడిచే ఏర్పాటుకు బాట వేశాడు. ఏ సేవాబృందమైనా తన ప్రయాణపు ఏర్పాట్లు చేసుకునేటప్పుడు ఈ లెక్కను ముందు పెట్టుకోవడం మేలు. గ్రామానికి చేరవలసిన మందుల పెట్టె వెనుక దాన్ని మోసేవారి తిండి, ఆ తిండిని మోసేవారి తిండి కూడా ఉంటాయి.

ఆ మోతగాళ్లు ఒరొకైవా, కొయారి, ఇతర పాపువన్ జాతులవారు. వారిలో స్వచ్ఛందంగా వచ్చినవారు కొందరే. సైనిక పరిపాలన విభాగం చాలామందిని ఊళ్ల నుండి పట్టి తెచ్చింది. మగవారు లేని గ్రామాలలో తోటలు పాడుబడి స్త్రీలు, పిల్లలు ఆకలికి గురయ్యారు. ఆ మోతగాళ్ల ఆరోగ్యాన్ని చూసిన అరవై ఏళ్ల వైద్యుడు జెఫ్రీ వెర్నన్, వారి అధిక బరువులు, చాలని దుప్పట్లు, అన్నం తప్ప వేరేమీ లేని ఆహారం గురించి తన నివేదికలలో మొహమాటం లేకుండా రాశారు. తిరుగు ప్రయాణంలో వారే గాయపడినవారిని మోసుకువచ్చారు. రెండు కర్రలకు దుప్పటి కట్టిన స్ట్రెచర్‌ను ఎనిమిది మంది వంతులవారీగా ఎత్తి, ఆ జారుడు నేల మీద, ఆ ఏటి బండల మీద, మనిషి జారిపోకుండా తీసుకువచ్చేవారు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో రోడ్డులేని గూడేల నుండి నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకువచ్చే దృశ్యం ఎరిగిన తెలుగువారికి ఆ శ్రమ ఎటువంటిదో విడమరచి చెప్పనక్కరలేదు.

1942 డిసెంబరు 25న బునా సమీపాన జార్జ్ సిల్క్ తీసిన ఒక ఛాయాచిత్రం ఈ చరిత్రకంతటికీ ప్రతీకగా నిలిచింది. కళ్లకు కట్టు కట్టుకున్న జార్జ్ విటింగ్టన్ అనే ఆస్ట్రేలియన్ సైనికుణ్ణి రఫాయెల్ ఒయింబరి అనే పాపువన్ చేయి పట్టి నడిపిస్తున్న చిత్రమది. ఆ సైనికుడు గాయం నుండి కోలుకున్నా, 1943 ఫిబ్రవరిలో స్క్రబ్ టైఫస్‌తో మరణించాడు. ఆస్ట్రేలియా సైనికులు, వారి కుటుంబాలు మోతగాళ్లను దేవదూతలని కొనియాడారు. కాని దేవదూత అనే ప్రశంసలో కూలి లెక్క ఉండదు, నష్టపరిహారం ఉండదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం వారికి స్మారక పతకాలను ఇవ్వడం మొదలుపెట్టింది 2009లో. అప్పటికి ఆ తరంలో బతికి ఉన్నవారు అతి కొద్దిమంది. ప్రశంస త్వరగా వచ్చి, హక్కు ఆలస్యంగా రావడం బాధ కలిగించే విషయం.

నేడు ఈ దారిలో నడిచేవారిలో సైనికుల వారసులు, విద్యార్థులు, సంఘాల యువజన బృందాలు, గ్రామాలలో వైద్యశిబిరాలకూ బడుల మరమ్మతులకూ వచ్చే సేవాబృందాలు ఉన్నాయి. కాలిబాట నిర్వహణ కోసం 2003లో ఒక ప్రత్యేక అధికార సంస్థ ఏర్పడింది. ప్రతి యాత్రికుడూ అనుమతి రుసుము చెల్లించాలి, ఆ రాబడిలో కొంత గ్రామాలకు చేరాలన్నది నియమం. నడకవారికి దక్షిణాన గోల్డీ నది దాటిన కొద్దిసేపటికే ఇమిటా గట్టు ఎదురవుతుంది. యుద్ధకాలంలో సైనికులు అక్కడ కొయ్య దుంగలు అడ్డంగా పెట్టి వేల మెట్లు కట్టారు. ప్రతి మెట్టు వెనుకా వాననీరు నిలిచి బురదగుంట ఏర్పడేది. దుంగ మీద కాలు పెడితే జారేది, దాటి పెడితే మోకాలి దాకా దిగబడేది. ఆ మెట్లు పోయినా ఆ వాలు, ఆ బంకమట్టి అలాగే ఉన్నాయి. తొలిరోజు ఉదయం ఉత్సాహంగా పాటలు పాడుతూ బయలుదేరిన బృందం ఈ వాలులో మూగబోతుంది; సొంత సంచిని తామే మోస్తామని పట్టుబట్టినవారిలో చాలామంది సాయంత్రానికి దాన్ని మోతగాడి భుజానికి అప్పగిస్తారు.

అలా అప్పగించడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. అప్పగించిన తర్వాత ఏమి జరుగుతుందన్నదే విచారించవలసింది. మోతగాడు తన యజమాని సంచితో పాటు తన తిండి, తన దుప్పటి, బృందపు వంటసామాను కూడా మోస్తాడు కనుక, బరువు తూకం వేసేటప్పుడు అవన్నీ కలిపి తూచాలి. వాన పడిన రాత్రి యాత్రికులు గుడారాలలో పడుకుంటే అతడు ఎక్కడ పడుకున్నాడో చూడాలి. మలేరియా మందులు, జ్వరం మందులు యాత్రికులతో సమానంగా అతనికీ అందాలి. ఎఫోగి గ్రామంలోనో మెనారి గ్రామంలోనో వైద్యశిబిరం పెట్టే బృందం, తనను అక్కడికి చేర్చిన మోతగాళ్ల పాదాలలోని పుండ్లను ముందుగా చూడకపోతే, ఆ శిబిరపు బోర్డు మీద ఏమి రాసి ఉన్నా అది సగం సేవే. మోతగాడు భాగస్వామి అన్న మాట ప్రసంగాలలో తరచుగా వినబడుతుంది; దారిలో ఏ ఏటిని ఎప్పుడు దాటాలి, వాన పెరిగితే ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాలలో అతని మాట చెల్లినప్పుడే ఆ భాగస్వామ్యం నిజమవుతుంది. ఎగువన కురిసిన వానకు అరగంటలో పొంగే ఏళ్ల స్వభావం తెలిసినవాడు అతడే కనుక, ఇది మర్యాదతో పాటు ప్రాణరక్షణకు కూడా సంబంధించిన విషయం.

ఉత్తరపు కొసన డెనికి నుండి హొయి మీదుగా దిగిన దారి కొకోడా పీఠభూమికి చేరుతుంది. అక్కడ పచ్చిక రన్‌వే, ఆసుపత్రి, యుద్ధ స్మారకాలు, చిన్న ప్రదర్శనశాల ఉన్నాయి. రోజుల తరబడి నడిచి వచ్చిన పరదేశీ బృందం అక్కడ విమానమెక్కితే గంట తిరగకముందే పోర్ట్ మోర్స్‌బీలో దిగుతుంది. మోతగాళ్లలో దక్షిణపు గ్రామాలవారు మాత్రం, తిరుగు విమాన ఖర్చు ముందుగా లెక్కలో చేర్చకపోతే, వచ్చిన దారినే మళ్లీ నడిచి ఇంటికి వెళ్లాలి. కాబట్టి బృందం బయలుదేరే ముందు రాసుకునే ఖర్చుల పట్టికలో మోతగాళ్ల తిరుగు ప్రయాణపు విమాన ఛార్జీ గాని, తిరుగు నడకకు పట్టే రోజుల కూలి, తిండి గాని తప్పనిసరిగా ఉండాలి. ఆ మొత్తాన్ని కొకోడాలో విమానం ఎక్కే ముందు, అందరి సమక్షంలో, ప్రతి మోతగాడి చేతికీ నేరుగా ఇవ్వాలి.